ఊపిరిని తూచిన శాస్త్రజ్ఞుడు

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు సముద్రానికి దూరమైనవి. నల్లమల కొండల పాదాన ఉన్న ఆ పల్లెలకు నీరనగానే చెరువూ బావీ గుర్తుకు వస్తాయి. పాడుబడిన బావిలో పూడిక తీయడానికి దిగేముందు వెలుగుతున్న దీపాన్ని తాటికి కట్టి లోనికి దించి చూడడం తెలుగు పల్లెలలో పెద్దలు చెప్పే జాగ్రత్త. దీపం కొండెక్కితే ఆ బావిలోకి మనిషి దిగరాదు. గాలి చెడిన సంగతి కంటికి తెలియదు, ముక్కుకూ తెలియదు. ముందుగా దీపానికి తెలుస్తుంది.

కంటికి తెలియని ఆ గాలిని తమ శరీరాలతోనే పరీక్షించి, గని లోపలా, నీటి అడుగునా మనిషి ప్రాణంతో మిగిలే మార్గం వెదకిన తండ్రీకొడుకులు ఇంగ్లండులో ఉండేవారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్. కుమారుడు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. లోకం ఆయనను జె.బి.ఎస్. హాల్డేన్‌గా ఎరుగును. ఆయన జీవితం ఆక్స్‌ఫర్డులో మొదలై భారతదేశంలో ముగిసింది.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో జన్మించాడు. తండ్రి శరీరధర్మశాస్త్రంలో పండితుడు. ప్రయోగశాలలో కూర్చుండి గ్రంథాలు వ్రాయడంతో ఆయనకు తృప్తి కలగలేదు. గనులలో ప్రమాదం జరిగిందన్న వార్త వస్తే స్వయంగా వెళ్ళి గని దిగేవాడు. బొగ్గుగనులలో విషవాయువును ముందుగా పసిగట్టడానికి చిన్న పక్షులను తీసుకుపోవడం ఆయన సూచించిన పద్ధతే. కార్న్‌వాల్ గనికార్మికుల ఊపిరితిత్తులు చెడిపోవడానికి మూలం రాతిధూళి అని 1904లో ఆయన సహచరులతో కలిసి నివేదిక సమర్పించాడు. మార్కాపురం పలకల గనుల వద్ద, రాయిని కోసే యంత్రాల వద్ద లేచే ధూళిని చూచినవారికి ఆ నివేదిక ఎవరి బ్రతుకును గురించి వ్రాయబడినదో వేరుగా చెప్పనక్కరలేదు.

తండ్రి తన కుమారుని బాల్యంలోనే ఈ పనిలో భాగస్వామిని చేశాడు. ఒకమారు బొగ్గుగనిలోకి వెంట తీసుకుపోయి, కప్పు దగ్గర మండే వాయువు పేరుకొన్న చోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని వల్లించమన్నాడు. కొన్ని పంక్తులు చెప్పేసరికి బాలునికి రొప్పు వచ్చింది, కాళ్ళు తడబడ్డాయి, నేలపై కూలబడ్డాడు. నేల దగ్గర గాలి బాగుండడంతో మరల తేరుకున్నాడు. ఆ వాయువు గాలికంటె తేలికైనదని, పైన మాత్రమే నిలుస్తుందని బాలుడు జన్మలో మరువలేదు. నేటి తల్లిదండ్రులు ఇటువంటి విద్యాబోధనను అంగీకరించరు. అంగీకరించకపోవడమే న్యాయం.

1905లో బ్రిటిష్ నౌకాదళం గజ ఈతగాళ్ళ కష్టాలను పరిశీలించే బాధ్యతను తండ్రికి అప్పగించింది. ఆ కాలపు ఈతగాడు రబ్బరు పూసిన మందపాటి ఉడుపు ధరించి, తలపై రాగి శిరస్త్రాణం బిగించుకొని, సీసపు అడుగులున్న బూట్లతో దిగేవాడు. ఓడపై నుంచి మనుషులు పంపు త్రిప్పుతూ గొట్టం ద్వారా గాలి పంపేవారు. లోతుకు పోయినకొద్దీ ఈతగాళ్ళు ఆయాసపడి పని చేయలేకపోయేవారు. తప్పు వారి దేహదార్ఢ్యంలో ఉన్నదని అధికారులు తలచేవారు. హాల్డేన్ ముందుగా పంపులను పరీక్షించాడు. వాడి వాడి అరిగిన పంపులు పీడనం పెరగగానే గాలిని దారిలోనే వదిలివేస్తున్నాయి. శిరస్త్రాణంలోకి చేరవలసినంత గాలి చేరడం లేదు. ఈతగాడు విడిచిన బొగ్గుపులుసు వాయువే మరల అతని ఊపిరిలోకి పోతున్నది. ఒడ్డున చక్కగా పనిచేసే పంపు లోతులో చక్కగా పనిచేస్తుందన్న నమ్మకం ఎంత ప్రమాదకరమో ఈ పరిశీలనతో బయటపడింది.

రెండవ కష్టం ఇంకా భయంకరమైనది. లోతులో చాలాసేపు పనిచేసి, త్వరగా పైకి వచ్చిన ఈతగాళ్ళకు కీళ్ళలో భరించరాని నొప్పులు పుట్టేవి. కొందరికి కాళ్ళు పడిపోయేవి. కొందరు మరణించేవారు. దీనికి కారణం గోలీసోడా తాగిన ప్రతివారికీ అర్థమవుతుంది. గోలీ బిగిసి ఉన్నంతసేపు సోడాలో వాయువు కరిగి కనపడకుండా ఉంటుంది. గోలీని నొక్కగానే పీడనం తగ్గి బుడగలు పొంగుతాయి. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకూ సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ఆ పీడనంలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలోనూ, కొవ్వులోనూ, కీళ్ళలోనూ కరుగుతుంది. మనిషి ఒక్కమారు పైకి వస్తే అది బుడగలై నరాలను, రక్తనాళాలను అడ్డగిస్తుంది.

లండనులోని లిస్టర్ సంస్థలో ఉన్న పెద్ద ఉక్కు గదిలో మేకలను ఉంచి తండ్రి హాల్డేన్ పరిశోధన సాగించాడు. మేకకు నొప్పి పుట్టితే కాలు ఎత్తిపెట్టి కుంటుతుంది కనుక గుర్తించడం సులభం. శరీరం తనపై ఉన్న పీడనంలో సగం ఒక్కమారుగా తగ్గినా తట్టుకొనగలదని ఆయన గ్రహించాడు. ముప్పై మీటర్ల లోతున పీడనం నాలుగు వాతావరణాలు. అక్కడినుంచి రెండు వాతావరణాలుండే పది మీటర్ల లోతు వరకు రావచ్చు. అక్కడ ఆగాలి. తరువాత మెట్టుమెట్టుగా, ఆగి ఆగి పైకి రావాలి. శరీరంలోని భాగాలన్నీ ఒకే వేగంతో నత్రజనిని విడువవు కనుక వాటిని ఐదు తరగతులుగా భావించి లెక్కలు వేశాడు. ఎంత లోతున ఎంతసేపు ఉంటే ఎక్కడెక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో తెలిపే పట్టికలు బాయికాట్, డామంట్ అనే సహచరులతో కలిసి 1908లో ప్రకటించాడు.

ఆ లెక్కలను సముద్రంలో పరీక్షించడానికి 1906లో స్కాట్లండు పడమటి తీరానికి ఓడపై వెళ్ళినప్పుడు, సెలవులలో ఉన్న కుమారుడు వెంట ఉన్నాడు. అప్పటికి అతనికి పదమూడేండ్లు. అతనినీ నీటిలోకి దించారు. పెద్దల కొలతకు కుట్టిన ఉడుపు బాలునికి వదులైంది. ముంజేతుల వద్ద రబ్బరు పట్టీలు సన్నని మణికట్టును బిగించి పట్టలేకపోయాయి. చన్నీరు లోనికి రాసాగింది. కాళ్ళు నిండాయి, నడుము దాటింది, రొమ్ముదాకా వచ్చింది. బాలుడు బెదరలేదు. శిరస్త్రాణపు కవాటాన్ని సర్దుతూ, లోపలి గాలితో నీటిని రొమ్ముకు పైకి రానీయకుండా ఆపుకొంటూ, అనుకొన్నంతసేపు అడుగున నిలిచి, ఆ తరువాతనే పైకి వచ్చాడు. ఆ ఉడుపులో దోషమేమీ లేదు. అది మరొకరి దేహానికి కొలిచి చేసినది, అంతే. నీటి అడుగున ఆ కొద్దిపాటి తేడాయే ప్రాణం తీయగలదు.

ఈటన్ పాఠశాలలోనూ, ఆక్స్‌ఫర్డు న్యూ కళాశాలలోనూ హాల్డేన్ విద్యాభ్యాసం సాగింది. గణితంలోనూ, ప్రాచీన భాషాసాహిత్యాలలోనూ ప్రథమ శ్రేణి సాధించాడు. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టా లేదన్నది వినడానికి వింతగా ఉంటుంది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం రాగా సైన్యంలో చేరాడు. 1915లో జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువును ప్రయోగించినప్పుడు తండ్రి రక్షణ ముసుగుల తయారీకి పూనుకొని, కుమారుని యుద్ధరంగం నుంచి పిలిపించాడు. ఇద్దరూ మరికొందరితో కలిసి క్లోరిన్ నిండిన గదిలో, ముసుగుతోనూ ముసుగు లేకుండానూ నిలిచి, ఎంతసేపు పనిచేయగలరో కొలిచారు. యుద్ధంలో గాయపడిన హాల్డేన్ కొంతకాలం భారతదేశంలో ఉండి కోలుకున్నాడు. ఈ దేశాన్ని ఆయన మొదట చూచినది అప్పుడే.

యుద్ధానంతరం కేంబ్రిడ్జిలోనూ, 1933 నుంచి లండను యూనివర్సిటీ కాలేజీలోనూ ఆచార్యపదవులు నిర్వహించాడు. ప్రకృతివరణాన్ని గణితసూత్రాలలో నిరూపించే వ్యాసపరంపర 1924లో ప్రారంభించాడు. ఫిషర్, సీవాల్ రైట్‌లతోపాటు జనసముదాయ జన్యుశాస్త్రానికి పునాది వేసినవారిలో ఆయన ఒకడు. 1932లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. సామాన్య పాఠకులకోసం పత్రికలలో వందలకొలది విజ్ఞానవ్యాసాలు వ్రాశాడు. కమ్యూనిస్టు పార్టీలో పనిచేశాడు. సోవియట్ దేశంలో లైసెంకో జన్యుశాస్త్రాన్ని అణచివేసిన వేళ ఆయన స్పష్టంగా ఖండించవలసినంత త్వరగా ఖండించలేదు. గదిలోని గాలిని అంత నిక్కచ్చిగా పరీక్షించినవాడు ఈ విషయంలో చాలాకాలం తటపటాయించాడు. 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యాడు.

1939 జూన్ 1న లివర్‌పూల్ అఖాతంలో థీటిస్ అనే కొత్త జలాంతర్గామి పరీక్షాప్రయాణంలో మునిగింది. అందులో 103 మంది ఉన్నారు. వారిలో చాలామంది నావికులు కారు, దానిని నిర్మించిన కర్మాగారపు కార్మికులు, ఉద్యోగులు. ప్రమాదానికి మూలం అతి స్వల్పమైనది. టార్పెడో గొట్టంలో నీరున్నదో లేదో తెలుసుకొనడానికి ఒక చిన్న పరీక్షా రంధ్రం ఉన్నది. దానిని రంగు కప్పివేసింది. రంధ్రం నుంచి నీరు కారకపోవడంతో గొట్టం ఖాళీగా ఉన్నదని తలచి తలుపు తీశారు. సముద్రం లోనికి వచ్చింది. మరునాడు ఉదయం జలాంతర్గామి వెనుకభాగం నీటిపై కనపడుతూనే ఉన్నది. అయినా శ్వాసపరికరం ధరించి నలుగురు మాత్రమే బయటపడ్డారు. 99 మంది మరణించారు.

కార్మిక సంఘాలు తమవారి మరణానికి కారణం తేల్చమని హాల్డేన్‌ను కోరాయి. మునకసామగ్రి తయారుచేసే సీబే గోర్మన్ సంస్థలోని ఉక్కు గదిలోకి నలుగురు సహచరులతో ఆయన ప్రవేశించి తలుపు మూయించుకున్నాడు. సుమారు 14 గంటలు అందులో ఉన్నారు. వారు విడిచిన వాయువే గదిని నింపింది. తలనొప్పి పెరిగింది, ఊపిరి రొప్పుగా మారింది, ఆలోచన మందగించింది. ఆ స్థితిలో శ్వాసపరికరం తగిలించుకొని ఒక్కమారుగా ప్రాణవాయువు పీలిస్తే వాంతి రావచ్చునని వారు అనుభవంతో తెలుసుకున్నారు. పరికరం ఒడ్డున ఆరోగ్యవంతుని ముఖానికి సరిపోయింది. గంటలతరబడి చెడుగాలి పీల్చిన మనిషి దానిని ఎలా వాడగలడో ఎవరూ ముందుగా పరీక్షించి ఉండలేదు. హాల్డేన్ ఈ సంగతులను విచారణసంఘం ముందు ఉంచాడు.

థీటిస్ కథ అక్కడ ముగియలేదు. ఆ జలాంతర్గామిని పైకి తీసి, బాగుచేసి, థండర్‌బోల్ట్ అని పేరు మార్చి నౌకాదళం మరల యుద్ధానికి పంపింది. 1943లో మధ్యధరా సముద్రంలో అది సిబ్బంది అందరితో మునిగిపోయింది.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో నౌకాదళంకోసం హాల్డేన్ చేసిన ప్రయోగాలు మరింత కఠినమైనవి. అతిపీడనంలో గాలి పీల్చితే మనిషి మత్తులో పడినట్లు ప్రవర్తిస్తాడు. ఆ స్థితిలో సులభమైన లెక్కలు చేయించి, చేతిపనులు చేయించి, ఎంత లోతున బుద్ధి ఎంత తగ్గుతుందో కొలిచాడు. కరుగుతున్న మంచునీటిలో పడుకొని బొగ్గుపులుసు వాయువు కలిసిన గాలి పీల్చాడు. ఈ ప్రయోగాలలో ఆయన సహచరిగా నిలిచిన హెలెన్ స్పర్వే 1945లో ఆయన భార్య అయింది. స్పెయిన్ మాజీ ప్రధాని, స్వయంగా శరీరధర్మశాస్త్రవేత్త అయిన హువాన్ నెగ్రిన్ కూడ ఆ ఉక్కు గదిలో కూర్చున్నవారిలో ఉన్నాడు. పరుల దేహాలపై చేసే ముందు ప్రతి పరీక్షనూ హాల్డేన్ తన దేహంపై చేసుకొనేవాడు.

దాని మూల్యం ఆయన చెల్లించాడు. పీడనం మారేటప్పుడు కర్ణభేరికి చిల్లు పడింది. పొగాకు పొగను చెవిలోనుంచి విడువగలనని ఆ తరువాత నవ్వుతూ చెప్పుకొనేవాడు. ప్రాణాన్ని నిలిపే ఆక్సిజన్ కూడ లోతులో విషమవుతుంది. పీడనంలో శుద్ధమైన ఆక్సిజన్ పీల్చగా ఆయనకు మూర్ఛ వచ్చి, ఆ విదిలింపులో వెన్నుపూసలు నలిగాయి. ఆ నొప్పి జీవితాంతం వెన్నాడింది.

ఈ శోధనల ఫలం యుద్ధంతో ముగిసేది కాదు. 1943లో ఫ్రాన్సులో కూస్టో, గాన్యాన్ అనేవారు అవసరమైనంత గాలిని మాత్రమే నోటికి అందించే కవాటాన్ని రూపొందించారు. ఓడతో గొట్టపు బంధం లేకుండా మనిషి వీపున సిలిండరు మోసుకొని ఈదే స్కూబా విధానం దానితో వ్యాపించింది. యుద్ధం ముగిశాక మిగిలిన సామగ్రిని ప్రభుత్వాలు అగ్గువకు అమ్మివేశాయి. ఇంగ్లండులో యువకులు యుద్ధవిమానాల నుంచి విప్పిన సిలిండర్లను, నావికుల ఆక్సిజన్ పరికరాలను కొని సరదాకు సముద్రంలో దిగసాగారు. కొన్నవారికి ధర తెలుసు. శుద్ధ ఆక్సిజన్‌తో కొద్ది మీటర్లకు మించి దిగరాదన్న సంగతి అందరికీ తెలియదు. పరికరాన్ని అమ్మేవాడు ఆ జ్ఞానాన్ని పొట్లంకట్టి ఇవ్వడు.

విశాఖపట్నం తీరంలోనూ, అండమాన్ దీవులలోనూ స్కూబా నేర్చినవారు పాతసామగ్రి కొనవలసివచ్చినప్పుడు నేటికీ అదే చిక్కు. సిలిండరు పైకి మెరుస్తుంది, లోపల చెమ్మ చేరి తుప్పు పట్టి ఉండవచ్చు. అందుకే దానిని నిర్ణీత గడువులో నీటి పీడనంతో పరీక్షించి, ఆ తేదీని భుజంపై చెక్కుతారు. తేదీ లేనిదీ, గడువు దాటినదీ ఎంత చవకైనా పరీక్ష జరిగేదాకా గాలి నింపరానిది. రెగ్యులేటరు లోపలి రబ్బరు వలయాలు వాడకపోయినా ఎండిపోతాయి. గొట్టాలు వంపుల వద్ద చిట్లుతాయి. జాకెట్టును గాలితో నింపి రాత్రంతా ఉంచితే అది నిలుపుకొనునో లేదో తెలుస్తుంది. ముఖానికి అంటని ముసుగు, మణికట్టును పట్టని ఉడుపు ఇతరులకు ఎంత బాగున్నా మనకు కొరగావు. చేతికి కట్టుకొనే చిన్న కంప్యూటరు ఎక్కడ ఎంతసేపు ఆగాలో చెబుతుంది. అందులోని గణితం 1908 నాటి పట్టికల నుంచి పెరిగినదే. పూర్వ యజమాని మాటను గౌరవించవచ్చు, కాని పరీక్ష నిపుణుని చేతనే జరగాలి.

1957లో హాల్డేన్ బ్రిటన్‌ను విడిచి, మహలనోబిస్ ఆహ్వానంపై కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో చేరాడు. సూయజ్ కాలువ విషయంలో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన దాడి తాను దేశం విడువడానికి ఒక కారణమని ప్రకటించాడు. ధోవతి, కుర్తా ధరించాడు. శాకాహారి అయ్యాడు. 1961లో భారత పౌరసత్వం స్వీకరించాడు. ఖరీదైన యంత్రాలు లేవని చింతించే యువకులకు కన్నులు, కాగితం, ఓర్పు ఉంటే పరిశోధన సాగుతుందని నేర్పాడు. ఆయన ప్రోత్సాహంతో ఒక శిష్యుడు పారిజాతపు రేకులను లెక్కించాడు. మరొకడు తీతువు పిట్టల గూళ్ళను పరిశీలించాడు.

ఆ శిష్యులలో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ముఖ్యుడు. ఏ రంగు పువ్వుపై ఏ సీతాకోకచిలుక వాలుతుందో ఆయన గమనించి వ్రాశాడు. పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాలను, మేనమామ–మేనకోడళ్ళ వివాహాలను పరిశీలించి, వాటి ఫలితాలను 1963లో ప్రకటించాడు. తెలుగు కుటుంబాల బంధుత్వాలు ప్రపంచ జన్యుశాస్త్ర పత్రికలకు ఎక్కినది ఆ విధంగానే.

హాల్డేన్ 1962లో భువనేశ్వర్‌కు తరలి అక్కడ జన్యుశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పాడు. మరుసటి ఏట పెద్దప్రేవు చివర క్యాన్సరు బయటపడింది. లండనులో శస్త్రచికిత్స జరిగింది. ఆసుపత్రి మంచంపై నుంచే తన వ్యాధిపై హాస్యకవిత వ్రాసి, అనుమానం కలిగినవారు ఆలసించక వైద్యుని చూడాలని అందులో బోధించాడు. మరణించేవాని నోట హాస్యమేమిటని కొందరు నొచ్చుకున్నారు. తాను పోయిన తరువాత ప్రసారం చేయవలసిన సంస్మరణ ప్రసంగాన్ని కూడ బి.బి.సి.కి తానే ముందుగా చిత్రింపజేసి ఇచ్చాడు.

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో హాల్డేన్ మరణించాడు. తన దేహాన్ని దహనం చేయక వైద్యవిద్యకు ఉపయోగించాలని ఆయన ముందే వ్రాసి పెట్టాడు. ఆ కోరిక మేరకు దేహాన్ని తూర్పుగోదావరి తీరాన, 1958లో స్థాపితమైన కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేర్చారు. స్కాట్లండు సముద్రంలో వదులు ఉడుపుతో నిలిచి, ఉక్కు గదులలో చెడుగాలి పీల్చి, వెన్నుపూసలు నలిగిన ఆ దేహంపై తెలుగు విద్యార్థులు శరీరనిర్మాణశాస్త్రం అభ్యసించారు. ఆయన అస్థిపంజరం ఆ కళాశాల ప్రదర్శనశాలలో భద్రపరచబడింది.